అమ్మ మళ్ళీ ముగ్గేసింది

మా ఊళ్ళో ముగ్గంటే అలంకారం ఒక్కటే కాదు, కబురు కూడా. పొద్దున్నే వీధిలోకి వచ్చిన మనిషి వాకిళ్ళు చూసుకుంటూ నడిస్తే చాలు, ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసిపోయేది. పెద్ద ముగ్గు వేసి చుట్టూ ఎర్రమట్టి అంచు దిద్దారంటే ఆ ఇంటికి కొత్తల్లుడు వచ్చాడన్నమాట. రెండు గీతలు గీసి వదిలేశారంటే ఇంటావిడకి ఒంట్లో బాగాలేదు. అసలు ముగ్గే లేకపోతే మాత్రం ఎవరూ గట్టిగా మాట్లాడరు. మెల్లిగా లోపలికి వెళ్ళి, ‘ఎప్పుడు?’ అని అడుగుతారు.

రెండేళ్ళ కిందటి కార్తీకంలో మా వాకిట్లో ముగ్గు ఆగిపోయింది. నాన్నగారు పోయారు.

ఆ ఏడాది సంక్రాంతికి వీధి వీధంతా రంగులతో వెలిగిపోతుంటే మా ఇంటి ముందు మాత్రం ఉత్త నేల. ఏటిసూతకం, పండగ లేదు. అది ఆచారం, ఏడాదితో తీరిపోతుంది అనుకున్నాను. ఏడాది తీరింది. సంవత్సరీకం అయిపోయింది. అమ్మ మాత్రం ముగ్గు ముట్టుకోలేదు. ముట్టుకోదని నాకు అప్పటిదాకా తోచనే లేదు.

169 చుక్కలు

మాది భీమవరం దగ్గర ఒక పల్లెటూరు. ధనుర్మాసం వస్తే, అంటే డిసెంబరు 16 ప్రాంతంలో నెల పట్టిన దగ్గర్నుంచి భోగి దాకా, అమ్మ రోజూ నాలుగింటికే లేచేది. వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, తడి ఆరకముందే చుక్కలు పెట్టేది. తడి మీద వేస్తే ముగ్గు నేలని పట్టుకుంటుంది, గాలికి లేవదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి పట్టి వదిలితే సన్నటి దారంలా జారేది. ఎక్కడా తెగేది కాదు.

‘నాకు లెక్కలు రావే’ అంటుంది అమ్మ ఇప్పటికీ. చదివింది ఐదో తరగతి. కానీ ‘15 చుక్కలు, సందుచుక్క, 8 వచ్చేవరకు’ అంటే ఎన్ని చుక్కలో ఎప్పుడైనా లెక్కపెట్టారా? 169. నడుమ వరసలో 15 పెట్టి, పైకీ కిందకీ ఒక్కో వరసకి ఒక్కోటి తగ్గించుకుంటూ, రెండు చుక్కల సందులో మూడో చుక్క పడేలా పెట్టాలి. అదే 15 చుక్కల్ని ఎదురుచుక్కతో ఒకటి వచ్చేవరకు పెడితే 113. మొదటిదానికి ఆరు పలకలొస్తాయి, రెండోదానికి నాలుగు. కొలబద్ద లేదు, కాగితం లేదు, వీధిదీపం వెలుతురులో నడుం వంచి పెట్టిన చుక్క ఒక్కటి కూడా పక్కకి పోయేది కాదు. మా వీధిలో పెళ్ళికెదిగిన ఆడపిల్లలంతా అమ్మ దగ్గరే నేర్చుకున్నారు, నేను తప్ప. నాకు పొద్దున్నే లేవడం బద్ధకం. లేచేసరికి ముగ్గు ఉంటుంది కదా, ఇంక నేర్చుకోవడమెందుకు?

గుమ్మం బయటి నేల అమ్మది. గుమ్మం పైభాగం నాన్నగారిది. పండగ వారం ఉందనగా ఇంటికి సున్నం వేయించేవారు. అరుగుకి జాజు పూయించి, దాని మీద అమ్మ తెల్ల గీతలు గీసేది. కోతల్లో మంచి కంకులు ఏరి పక్కన పెట్టించి, వాటితో ధాన్యపు కుచ్చు అల్లించి వసారా చూరుకి కట్టేవారు. పండగయ్యాక కూడా అది అలాగే ఉండేది. పిచ్చుకలు వచ్చి గింజలు తిని పొట్టు నేల మీద రాల్చేవి. రోజూ తుడవలేక అమ్మ విసుక్కునేది. నాన్నగారు పేపరు చాటున నవ్వుకునేవారు.

పళ్ళెం ఆగిన రోజు

నాన్నగారు పోయిన నాలుగు నెలలకి అమ్మని మా దగ్గరికి తీసుకొచ్చేశాం. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంటు, నాలుగో అంతస్తు. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. పెళ్ళైన ఆడపిల్లని కాబట్టి పుట్టింటి ఏటిసూతకం నాకు లేదు.

కలశం అలంకరణంతా అమ్మే చెప్పింది. ‘చీర కుచ్చిళ్ళు ఇంకాస్త సన్నగా పెట్టు’, ‘ఆ చామంతి దండ ఎడంవైపు లాగు’ అంటూ వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పింది. గది లోపలికి మాత్రం రాలేదు. ఆ సందడిలో నేను గమనించలేదు.

సాయంత్రం పేరంటానికి 14 మంది వచ్చారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, తాంబూలాలు పెట్టుకుని వరసగా బొట్టు పెడుతున్నాను. చివర్లో మోడా మీద అమ్మ కూర్చుని ఉంది. ఎవరో రమ్మంటే వచ్చి కూర్చుంది పాపం. ఆవిడ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. అమ్మ నా మొహం చూసింది. ‘పొయ్యి మీద శనగలు ఉన్నాయి’ అంటూ లేచి లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేవని ఇద్దరికీ తెలుసు.

ఆ గదిలో ఎవరూ ఏమీ అనలేదు. ఆగింది నా చెయ్యే. డిగ్రీ చదివి, ఉద్యోగం చేస్తూ, ‘ఈ రోజుల్లో కూడా ఇవన్నీ ఏంటండీ’ అని ఆఫీసులో వాదించే నా చెయ్యి. కందుకూరి వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. చిన్నప్పుడు పరీక్షల్లో ఆ తేదీ రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అంత పెద్ద మాట తెలిసినదాన్ని, కన్నతల్లికి చిటికెడు కుంకుమ దగ్గర ఓడిపోయాను.

స్టిక్కరు ముగ్గు, లాంగుబుక్కు

సంవత్సరీకం అయిన నెలకే ధనుర్మాసం. ఈసారి పండగ బాగా చేసుకుందాం అనుకున్నాను. బజార్లో గుమ్మం ముందు అంటించే ప్లాస్టిక్ ముగ్గు, గుడ్డతో కుట్టిన మామిడాకుల తోరణం, కరెంటుతో వెలిగే దీపాల దండ కొనుక్కొచ్చాను. అరగంటలో ఇల్లు రెడీ. అమ్మ వచ్చి చూసింది. ‘బాగుందే’ అంది. అంతే. బాగులేకపోతేనే అమ్మ అంత తక్కువ మాట్లాడుతుంది.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. అపార్ట్‌మెంటులో పిల్లలకి ముగ్గుల పోటీ అన్నారని ఎగిరి గంతేసింది. ‘అమ్మా, నేర్పించవా?’ అంది. నాకేం వచ్చు? అప్పుడు అమ్మ తన ట్రంకుపెట్టె తెరిచి ఒక లాంగుబుక్కు తీసింది. అట్ట ఊడిపోయి గుడ్డతో కుట్టి ఉంది. లోపల వారపత్రికల సంక్రాంతి సంచికల్లోంచి కత్తిరించి అంటించిన ముగ్గులు. జనవరి వస్తే పత్రికల్లో ముగ్గుల పేజీలు పడేవి, గుర్తుందా? అవన్నీ ఏళ్ళ తరబడి దాచింది. కాగితాలు పచ్చబడ్డాయి. కొన్నింటి పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు: ‘అమ్మాయి పుట్టిన ఏడు’, ‘తుఫాను ఏడు, వాకిలి చిన్నగా వేశాను’, ‘ఆయనకి నచ్చింది’.

మా అమ్మాయి ఆ పేజీలు తిప్పుతూ మధ్యాహ్నమంతా అమ్మమ్మని అతుక్కుపోయింది. అమ్మ పెన్సిలుతో చుక్కలు పెట్టి, మెలికలు ఎటు తిరగాలో చూపించింది. కాగితం మీద అయితే అభ్యంతరం లేదు. నేల మీద వేద్దువు రా అంటే మాత్రం, ‘మీరు వేసుకోండి, నేను చెప్తాగా’ అని తప్పించుకునేది. శుభమా అని పండగ పూట తనెందుకు అని ఆవిడ భావం. పైకి అనేది కాదు.

భోగి తెల్లవారుజామున

భోగి ముందురోజు గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కి వెళ్ళి బంతి, చామంతి తెచ్చాను. మామిడాకులు రైతుబజార్లో దొరికాయి. గుడ్డ తోరణం తీసేశాను. ఆకులు కడిగి, తడి తుడిచి, ఒక్కోటీ పురికోస మీదుగా మడిచి ఈనుపుల్లతో కుచ్చితే నిలబడుతుంది. గుమ్మం వెడల్పు కంటే దారం రెండువైపులా జానెడు ఎక్కువ ఉంచుకోవాలి, లేకపోతే కట్టేటప్పుడు అవస్థ. గడపకి పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాను.

నాలుగున్నరకి నేనూ అమ్మాయీ కారిడార్లోకి వచ్చాం. మట్టినేలకీ టైల్సుకీ తేడా అప్పుడు తెలిసింది. పొడి పిండి వేస్తే టైలు మీద నిలవదు, కాలు కూడా జారుతుంది. కారిడార్లో పొడి ముగ్గు వద్దని అసోసియేషన్ వాళ్ళు అంటే చాదస్తం అనుకున్నాను కానీ, పెద్దవాళ్ళు తిరిగే చోట అది నిజమే. దానికి అమ్మ ముందురోజే ఉపాయం చెప్పింది. బియ్యం నానబెట్టి మెత్తగా రుబ్బి, ఆ పిండి నీళ్ళల్లో చిన్న గుడ్డముక్క ముంచి, వేళ్ళ మధ్య పిండుతూ గీయాలి. వేసేటప్పుడు కనిపించదు, ఆరాక తెల్లగా తేలుతుంది. ఆరితే రాలదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

చోటు చిన్నది కాబట్టి 9 చుక్కలు, సందుచుక్క, 5 వరకు. మొత్తం 61. నేను పెట్టిన చుక్కలు మూడో వరసకే వంకరపోయాయి. మా అమ్మాయి నవ్వుతోంది. వెనక్కి తిరిగితే అమ్మ గడప లోపల నిలబడి ఉంది. చేతులు కొంగులో దాచుకుని, మెడ చాచి మరీ చూస్తోంది.

‘అమ్మమ్మా, ఈ మెలిక ఎటు పోవాలి?’ అంది పిల్ల.

‘పైనుంచి వచ్చి ఆ రెండో చుక్కని చుట్టుకుని... అటు కాదు, ఇటు. అబ్బా, ఇటే.’

ఆవిడ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ కొంగులోనే కదులుతున్నాయి. గాల్లో పిండి వదులుతున్నట్టు. అది చూశాక ఇంక నావల్ల కాలేదు.

‘అమ్మా, ఆ రోజు వ్రతంలో చెయ్యి ఆపింది నేనేనమ్మా’ అన్నాను.

అమ్మ కాసేపు పలకలేదు. ‘నువ్వేమీ అనలేదు కదే’ అంది.

‘అనలేదు. పెట్టనూ లేదు.’

‘పోనీలే. లోకం తీరు అది. నీకు తెలియదా ఏంటి?’

‘ఇది లోకం గుమ్మం కాదమ్మా. నా గుమ్మం. నువ్వు వేస్తేనే ముగ్గు. లేకపోతే ఉత్త నేలే ఉంచుతాను.’

కోపంగా అన్నానో, ఏడుస్తూ అన్నానో నాకే తెలియదు. అమ్మ కిందకి చూసింది. నా వంకర చుక్కలు చూసింది. ‘ముందు ఆ దరిద్రం చెరుపు, చూడలేకపోతున్నా’ అంది. తర్వాత, ‘మోకాళ్ళు వంగవు, ఆ పీట తే’ అంది.

పీట వేసుకుని కూర్చుని 61 చుక్కలు పెట్టింది. మొదటి వరసలో చెయ్యి కొంచెం వణికింది. మూడో వరసకి కుదురుకుంది. మా అమ్మాయి పేడముద్ద చేసి పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడిపువ్వు గుచ్చి గొబ్బెమ్మని మధ్యలో పెట్టింది. నేను కుంకుమ భరిణె తెచ్చాను. ఈసారి చెయ్యి ఆగలేదు. అమ్మ ఒద్దనలేదు, కళ్ళు మాత్రం మూసుకుంది.

నాన్నగారి పంచె మీద కొలువు

ఆ తర్వాత అమ్మని ఆపడం మా తరమా? మధ్యాహ్నానికి బొమ్మల కొలువు మొదలైంది. మెట్లు బేసిసంఖ్యలో ఉండాలి: మూడు, ఐదు, ఏడు, తొమ్మిది. మేము ఐదు పెట్టాం. సూట్‌కేసులు, పుస్తకాల కట్టలు, పైన చెక్కలు. వాటి మీద తెల్లగుడ్డ పరవాలి. దుప్పటి తీయబోతుంటే అమ్మ ట్రంకుపెట్టెలోంచి జరీ అంచు పంచె తెచ్చింది. నాన్నగారిది. ‘ప్రతి ఏడూ కొలువుకి ఆయన పంచే పరిచేదాన్ని. ఇస్త్రీ పాడవుతుందని గోల పెట్టేవారు’ అంది. ఇంక గోల పెట్టేవాళ్ళు లేరు. ఇస్త్రీ చేసి మరీ పరిచాం.

పై మెట్టు మీద కలశం, దేవుళ్ళు. కింద కొండపల్లి దశావతారాలు, అంబారీ ఏనుగు, ఎడ్లబండి, కల్లు గీసేవాడితో సహా తాటిచెట్టు. తెల్ల పొణికి కర్రతో చేస్తారు కాబట్టి చేతిలో పట్టుకుంటే దూదిలా తేలిగ్గా ఉంటాయి. విడివిడిగా చెక్కిన భాగాల్ని చింతగింజల జిగురూ రంపంపొట్టూ కలిపిన ముద్దతో అతుకుతారు. అందుకే తడి తగలకుండా దాచుకోవాలి, తడిగుడ్డతో తుడవకూడదు. ఏటికొప్పాక బొమ్మల దారి వేరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్కరంగు పూస్తారు. నున్నగా, గుండ్రంగా ఉంటాయి. అన్నిటికంటే కింద నేల మీద ఊరు. ఐదారు రోజుల ముందు పళ్ళెంలో మట్టి పోసి ఆవాలు, మెంతులు చల్లాం కదా, అవి మొలకెత్తి పచ్చటి పొలమైపోయాయి. ఆ పొలం గట్టున మా అమ్మాయి అగ్గిపెట్టెలతో ఒక ఇల్లు కట్టి పెట్టింది. చూరుకి గడ్డిపోచల కుచ్చు ఒకటి వేలాడదీసింది. ‘తాతయ్యది’ అంది.

రథం తాడు ఎక్కడ ఆగుతుంది?

మా ఊళ్ళో కనుమ నాడు రథం ముగ్గు వేస్తారు. రథం వేశాక దానికి తాడు గీస్తారు. ఆ తాడు మన వాకిట్లో ఆగకూడదు. పక్కింటి ముగ్గుదాకా లాగాలి. పక్కింటివాళ్ళు తమ రథం తాడు ఆ పక్కింటికి. అలా వీధంతా ఒకే తాడు. మా చిన్నప్పుడు, మాటల్లేని రెండు ఇళ్ళ మధ్య కూడా ఆ తాడు తెగడం నేను చూడలేదు.

కనుమ పొద్దున్నే అమ్మ పీట మీద కూర్చుని రథం వేసింది. తాడు దగ్గర ఆగింది. ఎదురు ఫ్లాటులో ఒక పెద్దావిడ ఉంటారు. పూజలూ పట్టింపులూ బాగా ఉన్న మనిషి. నిజం చెప్పాలంటే, అమ్మ కూర్చుని ముగ్గు వేస్తుండగా ఆవిడ తలుపు తీస్తారేమోనని మూడు రోజులుగా నాకు లోలోపల భయంగానే ఉంది. ‘లాగమంటావా?’ అంది అమ్మ. ‘లాగు’ అన్నాను.

తాడు ఆవిడ గుమ్మందాకా వెళ్ళింది. కాసేపటికి పాలపాకెట్ల కోసం తలుపు తీశారు. కింద తాడు చూశారు. తాడు వెంట చూపు తిప్పుకుంటూ వచ్చి, పీట మీద ఉన్న అమ్మ దగ్గర ఆగారు. నా గుండె ఆగినంత పనైంది.

‘వదినగారూ, పిండి ఇంకా ఉందాండీ?’ అన్నారు.

ఆవిడకీ భర్త పోయి పన్నెండేళ్ళయిందట. అప్పట్నుంచి ముగ్గు ముట్టలేదట. ‘వద్దని ఎవరూ అనలేదండీ, వెయ్యమని కూడా ఎవరూ అనలేదు’ అన్నారు. అమ్మ పక్కకి జరిగి పిండిగిన్నె ముందుకు తోసింది. ఆవిడ రథం కొంచెం వంకరగానే వచ్చింది. అమ్మ ఏమీ అనలేదు. నా చుక్కలకైతే ఒప్పుకోలేదు చూశారా!

సాయంత్రం హారతిచ్చి, కొలువులో ఒక బొమ్మని పడుకోబెట్టి, మిగతావాటిని పాతచీర పీలికల్లో చుట్టి పెట్టెలో సర్దాం. పది రోజులకి, 2025 రిపబ్లిక్ డే పరేడ్ టీవీలో చూస్తుంటే, ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు కనిపించాయి. అమ్మ ఎదురింటి తలుపు కొట్టి మరీ ఆవిడని పిలుచుకొచ్చింది.

ఒక్క మాట అడగండి

పండగకి ఇల్లు అలంకరించడం గురించి రాయమంటే ఇదంతా రాశానేంటని మీకు అనిపించొచ్చు. తోరణం ఎలా కట్టాలో, టైల్సు మీద ముగ్గు ఎలా నిలుస్తుందో చెప్పాను. కానీ నేను నేర్చుకున్నది ఇంకొకటుంది. ఆ పనులన్నీ బాగా తెలిసిన మనిషి చాలా ఇళ్ళల్లో లోపలి గదిలో కూర్చుని ఉంటుంది. నలభై ఏళ్ళు గుమ్మాన్ని వెలిగించిన చెయ్యి, ఒక్క చావుతో ఎందుకూ పనికిరాకుండా పోతుందా?

ఆవిడకి నిజంగా మనసు లేకపోతే బలవంతం వద్దు. దుఃఖం ఎవరి లెక్క వారిది. కానీ ఆవిడే రావాలని చూడకండి, రారు. గుమ్మం లోపల నిలబడి చూస్తుంటారు. ఒక పీట వేసి, ‘ఈ మెలిక ఎటు పోవాలి?’ అని అడగండి. మీకు తెలిసినా సరే, అడగండి.

మా ఇంట్లో మళ్ళీ నెల పట్టారు. రోజూ ఐదింటికి కారిడార్లో రెండు పీటలు పడుతున్నాయి. లాంగుబుక్కులో అమ్మాయి కొత్త పేజీ మొదలుపెట్టింది. పోయిన ఏడు భోగి ముగ్గుని 61 చుక్కలతో సహా దింపి, పక్కన పెన్సిలుతో రాసుకుంది: ‘అమ్మమ్మ వేసిన ఏడు’.